గరిటెల మీద పేరు

ఆ రోజు పొద్దున కూడా దోసె చిరిగింది.

అమల వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తూనే ఉంది. యాదలక్ష్మి పెద్ద చెంచాను తిరగేసి, దాని వీపుతో దోసెను అంచుల వెంట మెల్లగా లేపింది. ఒక పక్క లేచింది. రెండో పక్క పెనానికి అంటుకుపోయింది. చివరికి పళ్ళెంలోకి వచ్చింది మూడు ముక్కల దోసె.

"జర చినిగిందమ్మా. రుచి అదే ఉంటది," అంది యాదలక్ష్మి, ఏదో తప్పు చేసినదానిలా.

అమల పళ్ళెం అందుకుంది. ఆమె చూపు పొయ్యి పక్క గోడ మీదకు పోయింది. అక్కడ అయిదు కొక్కేలున్నాయి. అమ్మ నాగేశ్వరి ఉన్నప్పుడు అట్లకాడ, పప్పు గరిటె, పులుసు గరిటె, చిల్లుల గరిటె, అన్నం వడ్డించే హస్తం అన్నీ వాటికే వేలాడేవి. ప్రతిదాని కాడ మీదా సన్నని చుక్కలతో 'బి. నాగేశ్వరి' అని పేరు చెక్కి ఉండేది. అమ్మ పోయిన ఈ మూడేళ్ళలో అమలా, నాన్నా వచ్చీరాని వంట వాటితోనే చేసుకున్నారు.

నాలుగు నెలల క్రితం, లెక్కల మాస్టారైన నాన్న మల్లికార్జునరావు యాదలక్ష్మిని పెళ్ళి చేసుకుని మన్సూరాబాద్‌లోని ఈ ఇంటికి తీసుకొచ్చాడు. ఆమె వచ్చిన పదిహేను రోజులకే కొక్కేలన్నీ బోసిపోయాయి. గరిటెలు ఏమయ్యాయని అమల అడగలేదు. ఆమె చెప్పలేదు. అప్పటినుంచీ వంటంతా ఒక పెద్ద చెంచాతో, ఆమె తన ఊరినుంచి తెచ్చుకున్న చెక్క తెడ్డుతో నడుస్తోంది.

అమలకు అర్థం కానిది అదే. అమ్మ వస్తువులు గిట్టని మనిషైతే అమ్మ ఫొటోకి రోజూ పూలెందుకు పెడుతుంది? మంచి మనిషైతే గరిటెలెందుకు మాయం చేసింది? రెండింటిలో ఏదో ఒకటి నిజమని తేలితే మనసుకు కాస్త తెరిపిగా ఉండేది. ఏదీ తేలలేదు. పదిహేడేళ్ళ అమలకు ఆమెను ఏమని పిలవాలో కూడా తేలలేదు. నాలుగు నెలలుగా "ఇదిగోండి", "చూడండి" అంటూ నెట్టుకొస్తోంది.

"ఏమిటిది, ఇవాళా ముక్కల దోసేనా?" నాన్న నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు. "అమ్మలూ, నీకు సెలవేగా. ఈవిణ్ణి దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్ళు. ఇద్దరూ చూసి నాలుగు మంచి గరిటెలు తెచ్చుకోండి."

"నేనెందుకు? శనివారం గుడివాడ వెళ్ళిపోతున్నానుగా. వండుకునేవాళ్ళు కొనుక్కుంటే సరిపోతుంది."

నాన్న చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. డిగ్రీ గుడివాడలో, పెద్దమ్మ విజయదుర్గ ఇంట్లో ఉండి చదువుకుంటానని అమల వారం క్రితమే చెప్పింది. వద్దనే ధైర్యం ఆయనకు లేకపోయింది. సరేనని మనసారా అనలేకా పోయాడు.

"అయితే ఏం? వెళ్ళేలోపు దారి చూపించు. ఆవిడకి ఇక్కడ ఏం తెలుసు?" అన్నాడు మెల్లగా.

బయలుదేరే ముందు పెద్దమ్మ ఫోన్ చేసింది. సంగతి విని పెద్దగా నిట్టూర్చింది.

"కొత్త గరిటెలా? మరి మా చెల్లెలివి ఏం చేసిందిటే? పాతసామాన్లవాడికి వేసేసుంటుంది. నువ్వు నోరు విప్పి అడగవు, ఆవిడ చెప్పదు. ఇంకేం, మీ నాన్న హాయిగా లెక్కలు చెప్పుకుంటూ తిరుగుతాడు. నువ్వు మాత్రం శనివారం బస్సు ఎక్కెయ్యి తల్లీ."

అమలకు ఏడుపొచ్చింది. పాతసామాన్లవాడన్న ఆలోచన ఆమెకు అంతవరకూ రాలేదు.

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. యాదలక్ష్మి రెండుసార్లు పమిట కొంగు ఒళ్ళోకి లాక్కుంది, అమలకు తగలకుండా.

దిల్‌సుఖ్‌నగర్ సందులోని స్టీలు కొట్టులో గిన్నెలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. కొట్టు యజమాని రామస్వామి బిందెల మధ్యనుంచి తల బయటపెట్టాడు.

"రండమ్మా, ఏం గావాలె?"

"గంటెలు చూపెట్టన్నా," అంది యాదలక్ష్మి.

ఆయన తళతళలాడే సెట్టు ఒకటి బల్ల మీద పెట్టాడు. పిడులకు నల్లని ప్లాస్టిక్ తొడుగులు. అందంగా ఉన్నాయి. ఇది తీసుకుని తొందరగా పోదామనుకుంది అమల. యాదలక్ష్మి అందులోంచి పప్పు గరిటె తీసి పక్కనున్న గిన్నెలో పెట్టి చెయ్యి వదిలింది. గరిటె కాడ బరువుకి ఒరిగి, గిన్నెతో సహా బల్ల మీద పడి గల్లుమంది.

"చూసినవా? కాడ బరువు, గుంట తేలిక. పప్పు గిన్నెల పెట్టి ఇటు తిరిగితే పప్పంత గట్టు మీదనే ఉంటది." తర్వాత గుంటకూ కాడకూ మధ్యనున్న మేకును గోటితో గీకింది. "ఈ సందుల మెతుకు ఇరుక్కుంటది. ఎంత తోమినా పోదు. అతుకు లేనివి తియ్యన్నా, ఒక్క రేకు నుంచే కొట్టినవి."

రామస్వామి కళ్ళజోడు సవరించుకున్నాడు. "అమ్మా, మీరు కొననీకి వచ్చిండ్రా, నన్ను పరీక్ష పెట్టనీకి వచ్చిండ్రా?"

"బడిల ఎనిమిదేండ్లు వండిన. రెండు వందల మంది పిల్లలకు. గంటె మంచిగ లేకపోతే సాయంత్రానికి మణికట్టు పోతది."

అమల ఆశ్చర్యంగా చూసింది. చౌటుప్పల్ దగ్గర నాన్న పనిచేసే బడిలో ఆమె వంట చేసేదని తెలుసు. కానీ అందులో తెలుసుకోవలసినది ఇంత ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆవిడకి ఏం తెలుసు అన్న నాన్న మాట గుర్తొచ్చి, ఎందుకో తనే సిగ్గుపడింది.

యాదలక్ష్మి తొందరపడలేదు. పులుసుకు కాడ పొడుగ్గా, చివర వంకీ ఉన్నది తీసింది, గిన్నె అంచుకు తగిలిస్తే లోపలికి జారకుండా. నాన్‌స్టిక్ పెనానికి స్టీలు తగిలి ఇప్పటికే సగం పూత పోయిందని, చెక్క అట్లకాడ అడిగింది. చెక్కవాటిలో మెరిసేవన్నీ పక్కకు నెట్టింది. ఆ మెరుపంతా రంగు, వేడికి కూరలోకి దిగుతుందట. రంగు లేనిదాన్ని ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది, పగుళ్ళకోసం వేలితో తడిమింది. తర్వాత అమల చేతికిచ్చింది.

"పట్టి చూడు. నీ చేతికి ఎట్లున్నది?"

"నేను వెళ్ళిపోతున్నానుగా," అంది అమల.

"అది ఎరుకే. పండుగలకు ఒస్తవు గద. అప్పుడు ఒక్క దోసె పోసుకోవా?"

అమల దాన్ని పట్టుకుంది. చేతిలో సరిగ్గా ఇమిడింది. అది ఇమిడినందుకు కోపం వచ్చింది.

రామస్వామి స్టీలు గరిటెలను ఒక పక్కకు జరిపి, తీగ తగిలించిన చిన్న మిషన్ చేతిలోకి తీసుకున్నాడు. "పేరేం కొట్టమంటరు?"

"పేరొద్దన్నా."

"అదేంది? పక్కింట్ల ఫంక్షనుకు పోతే ఎట్ల తెలుస్తది ఎవరివో? నా దగ్గర పేరు లేకుంట ఏ ఆడామె తీసుకపోలే."

"వద్దన్న గద. ఉత్తవే ఇయ్యి."

అమల అన్నాళ్ళుగా అడగనిది ఒక్కసారిగా బయటికొచ్చింది.

"ఎందుకు వద్దు? శుభ్రంగా మీ పేరే కొట్టించుకోండి! మా అమ్మ పేరున్నవి కంటికి నచ్చకేగా తీసి పారేశారు! పాతసామాన్లవాడికి ఎంతకి వేశారు?"

కొట్టులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. నలుగురిలో నోరెత్తని అమలకు తన గొంతు తనదిగా అనిపించలేదు.

యాదలక్ష్మి మొహం పాలిపోయింది.

"పారేసుడా? ఎవరు చెప్పిండ్రు బిడ్డా? నా పెట్టెల ఉన్నయి. నా మంచి చీరల చుట్టి పెట్టిన."

"ఎందుకూ?"

"నేను ఒచ్చినంక పది రోజులు వాటితోనే వండిన. బడిల వంట గంజులు తోమిన చెయ్యి నాది. ఇనుప పీచు పెట్టి గట్టిగ తోముతుంటి. ఒకనాడు పప్పు గంటె కడిగి ఎండకు పెట్టి చూస్తే మీ అమ్మ పేరు సగం పోయింది. అసలే పాతవి, చుక్కలు సన్నగున్నయి. నా పానం జల్లుమన్నది." ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఇట్లనే తోమితే ఏడాదికి ఆమె పేరు నా చేతులతోనే ఈ ఇంట్ల లేకుంట జేసినదాన్నయిత. గందుకే తీసి దాచిన. నువ్వు అత్తగారింటికి పోయేనాడు ఇద్దామనుకున్న."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్పాలె? మీ అమ్మ పేరు చెరిపిన అని నీతోని ఏ నోటితో చెప్పాలె? సార్‌కు గూడ చెప్పలే. నువ్వు అడుగుతవేమోనని రోజూ చూసిన. నువ్వు అడగవైతివి."

నాలుగు నెలలుగా మోసిన కోపాన్ని ఎక్కడ దించాలో అమలకు తెలియలేదు. ఎవరిమీద? ఈమె మీదా? అడగని తనమీదా? రోజూ తోమీ తోమీ ఆ చుక్కల్ని సగం అరగదీసింది అమ్మే కదా? ఏ ప్రశ్న పట్టుకున్నా చివర ఇంకో ప్రశ్నే వచ్చింది. కన్నీళ్ళు మాత్రం ఏ ప్రశ్న కోసమూ ఆగలేదు.

రామస్వామి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, గింతదానికి నాలుగు నెలలు పరేషాన్ అయిండ్రా? అవి ఇక్కడికి తెస్తే అరిగిన పేరు మీదనే మల్ల కొడ్తుంటి. అయిదు నిమిషాల పని."

ఇద్దరూ ఆయన్ను వెర్రిగా చూశారు. ఆ సంగతి ఇద్దరికీ తోచలేదు.

ముందు యాదలక్ష్మికే నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వింది. ఆమెను చూసి అమల కూడా నవ్వబోయింది, అది వెక్కిళ్ళలోకి దిగింది. యాదలక్ష్మి చెయ్యి ఆమె భుజం దాకా వచ్చి, అక్కడే గాలిలో ఆగింది. అమల ఒక అడుగు దగ్గరికి జరిగింది. చెయ్యి భుజం మీద పడింది.

"ఇప్పుడన్న చెప్పుండ్రి, వీటి మీద ఏం కొట్టాలె?" అన్నాడు రామస్వామి.

"యాదలక్ష్మి అని కొట్టండి," అంది అమల. "ముందు ‘బి.’ పెట్టండి. మా ఇంటిపేరు."

మిషన్ కిర్రుమంటూ తిరిగింది. యాదలక్ష్మి ఆ చుక్కలు ఒక్కొక్కటీ పడుతుంటే రెప్ప వెయ్యకుండా చూసింది. తన పేరు ఒక వస్తువు మీద ఉండటం ఆమె పుట్టిన తర్వాత అదే మొదటిసారి. ఆ మాట ఆమె చెప్పలేదు. చూపుడు వేలితో అక్షరాలను రెండుసార్లు తడుముకున్నప్పుడు అమలకే అర్థమైంది.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో ఒకటే సీటు దొరికింది. అమలను కూర్చోబెట్టి, గరిటెల సంచి పట్టుకుని యాదలక్ష్మి ఎదురుగా నిలబడింది. చైతన్యపురి దాటాక ఆమె మెల్లగా అడిగింది.

"శనివారం బస్సు ఎన్నింటికి బిడ్డా? దారిల తిననీకి ఏం కట్టియ్యాలె? పులిహోర చెయ్యనా? మీ అమ్మ చేసేటట్లు నాకు రాదు. నువ్వు పక్కన నిలబడి చెప్తే చేస్త."

అమల కిటికీలోంచి బయటికి చూసింది. గుడివాడలో పెద్దమ్మ ఆమె కోసం గది సర్దేసి ఉంటుంది. ఈ కబురు వింటే ఎంత మాటంటుందో. నాన్నకు ఎలా చెప్పాలి? వారం తిరక్కుండానే మాట మారిస్తే ఏమనుకుంటారు? ఒక్కటీ తేలలేదు. అయినా నోరు దానంతటదే తెరుచుకుంది.

"శనివారం ఇంట్లోనే తింటాను పిన్నీ."

యాదలక్ష్మికి అర్థం కాలేదు. "ఇంట్ల తిని పోతవా? మరి ఆదివారానికి?"

"ఆదివారం కూడా," అంది అమల. పక్కకు జరిగి, ఇద్దరికీ చాలని ఆ సీటులో ఆమెకు చోటు చేసింది.