ఎడమ కొక్కెం

శనివారం సాయంత్రం ఆరున్నరకు సింగతోకా నది ఒడ్డున ఊరిపెద్ద ఇంటి గోడకు వేలాడే తంబువా మాయమైంది. తరతరాలుగా ఊరు దాచుకున్న తిమింగలం పన్ను అది. కింద చాపమీద రగ్బీ ఆటగాడు విలికెస కట్టుడుపళ్ల పలక దొరికింది. గురువారం అతను ఆస్ట్రేలియాలో ద్రాక్షతోటల పనికి విమానం ఎక్కాలి. కేసు పడితే ఆ పని జాబితాలో తర్వాతివాడికి, అంటే అతనికి బావ వరసయ్యే మథియు తమ్ముడికి, పోతుంది.

విలికెస తల్లి ఏడుస్తూ ప్రైవేటు డిటెక్టివ్ కెలెరా గడప తొక్కింది. మంగళవారం కెలెరా, సహాయకుడు అపకుకి ఊళ్లో దిగారు.

"పలక నీదేనా?" అని విలికెసను అడిగింది కెలెరా.

"నాదే అక్కా, పాతది. మే నెల ఆటలో ఎడమ కోరపన్ను ఊడాక కొత్తది కట్టించుకున్నా. పాతది మథియు బావ డబ్బాలోనే వదిలేశా."

"ఆ కోరపన్ను నా కళ్లముందే ఊడింది," అన్నాడు ఊరిపెద్ద.

ఆటకు ముందు అందరూ కట్టుడుపళ్లు తీసి, జట్టు సామాను చూసే మథియుకు ఇస్తారు. అతను వాటిని బిస్కెట్ల డబ్బాలో ఉంచుతాడు.

"ఆ పాత పలక వాడెప్పుడో పట్టుకుపోయాడు," అన్నాడు మథియు. "శనివారం ఆరింటికి అదే పెట్టుకుని ఎదురొచ్చాడు. 'నీకంటే మా ఎద్దు నయం బావా' అంటే పగలబడి నవ్వాడు కూడా."

"ఎవరి మాట నమ్మాలక్కా?" అన్నాడు అపకుకి.

"మాటలెందుకు? నోరుందిగా."

సాయంత్రం అందరూ చాపమీద కూర్చున్నారు. విలికెస కొత్త పలక తీసి, పాతది పెట్టుకున్నాడు.

"మథియూ, బావను మళ్లీ నవ్వించు," అంది కెలెరా.

మథియు గడపవైపు జరిగాడు. ఊరిపెద్ద భార్య అందుకుంది. "ఒరే విలికెసా, నీ చేతిలో బంతి కంటే మా కోడిపెట్ట నయంరా, అదైనా ఆగుతుంది!"

విలికెస నవ్వాడు. పలక ఒళ్లో పడింది.

కెలెరా దాన్ని ఎత్తి చూపింది. "పన్ను మధ్యలో ఉబ్బుగా, చిగురు దగ్గర సన్నగా ఉంటుంది. ఈ తీగ కొక్కెం ఉబ్బు దాటేటప్పుడు విచ్చుకుని, ఆ సన్నపుచోట బిగుస్తుంది. పలకను ఆపేది ఆ పట్టే. ఎడమ కొక్కెం పట్టే పన్ను మే నెలలోనే పోయింది. కుడిదొక్కటే ఆపలేదు. దీంతో శనివారం పగలబడి నవ్వాడన్నది అబద్ధం. ఇది నీ డబ్బాలోంచే చాపమీదికొచ్చింది మథియూ."

"తమ్ముడికి పని దొరుకుతుందని..." మథియు తల వంచుకున్నాడు.

తంబువా జట్టు సామాను సంచిలో, మోకాలి పట్టీల కింద దొరికింది. గురువారం ఉదయం తొమ్మిదీ పదికి విలికెస ఎక్కిన విమానం నాందీ విమానాశ్రయం నుంచి బయలుదేరింది.