రాణి తుడిచేసిన సంతకం

"మీ బొమ్మ కింద ఎవలో పెన్సిల్‌తోని పిచ్చి గీతలు గీసిండ్రు సార్. అన్నీ రబ్బర్‌తోని తుడిచి నీట్‌గ చేసిన. జర సూడుండ్రి!"

రాణి అంత సంతోషంగా ఫ్రేమ్ చేతికిస్తుంటే శ్రీకర్ ముఖం పాలిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దగ్గర సందులో బిక్షమయ్య ఫ్రేముల షాపు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక కట్టింగూ బిగింపూ అన్నీ కూతురు రాణి చేతికొచ్చాయి. ఆ పనిలో కొలతలు అంచు మీద పెన్సిల్‌తో రాసుకుంటారు, అద్దం బిగించే ముందు తుడిచేస్తారు. గీతలున్న పటం ఆ షాపు గడప దాటదు. అందుకే రాణి తుడిచింది. ఓపిగ్గా, ఆనవాలు కూడా మిగలకుండా తుడిచింది. పని రాని పిల్లయితే ఇంత నష్టం జరిగేదే కాదు.

"అవి గీతలు కాదండీ బాబూ, సంతకాలు!"

"సంతకాలు పెన్సిల్‌తోని ఎవలు పెడ్తరు సార్?"

"ఇలాంటి ప్రింట్ల మీద పెన్సిల్‌తోనే పెడతారు! అదే పద్ధతి! ఒకటి బొమ్మ వేసిన ఆర్టిస్టుది, ఇంకోటి ఆ ఫైటర్ నడిపిన పైలట్‌ది."

"గంత ఇంపార్టెంటైతే ఇచ్చేటప్పుడే చెప్పాలె గదా!"

"సంతకం తుడవకండి అని ప్రపంచంలో ఎవరైనా చెప్తారా?"

ఎల్‌బీ నగర్‌లో కోచింగ్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మనిషి కాబట్టి గొంతు పెద్దది. పక్క షాపులవాళ్ళు తొంగిచూశారు. తోటివాళ్ళు క్రికెటర్ల వెంట పడే వయసులోనే శ్రీకర్ యుద్ధవిమానాల బొమ్మల వెంట పడ్డాడు. ఈ ప్రింట్‌లో డెబ్భై ఒకటి యుద్ధంలో ఎడారి మీద ఎగిరిన హంటర్ విమానం ఉంది. అతని దగ్గరున్న వాటిలో ప్రాణం పెట్టుకున్నది ఇదొక్కటే.

"పరేషాన్ కాకుండ్రి. మళ్ళ పెట్టిద్దం," అంది రాణి.

"ఎలా పెట్టిస్తారు? ఆ పైలట్, ఎల్‌బీ నగర్‌లో ఉండే వింగ్ కమాండర్ శ్రీరామమూర్తి గారికి పోయిన ఎండాకాలం పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి లేవదు. ఆయన పెట్టిన ఆఖరి సంతకం ఇదే."

రాణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటిని ముంజేత్తో తుడుచుకుని, ప్రింట్‌ను ఫ్రేమ్‌లోంచి ఊడదీసి, గోడకున్న చేతిసంచీ తీసి భుజాన వేసుకుంది.

"అడ్రస్ చెప్పుండ్రి."

"చెప్పను. ఆయన్ని బాధపెట్టకండి."

"చెప్పకుంటే ఎల్‌బీ నగర్ల ఇల్లిల్లు తిరిగి అడుగుత. తుడిచింది నేను, పెట్టించేది గూడ నేనే."

చేసేది లేక శ్రీకరే వెంట బయలుదేరాడు. ఆర్టిస్టు సాంబమూర్తి కొత్తపేటలోనే ఉంటాడు. సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా బొమ్మలకు పేర్లు పెట్టినవాళ్ళున్నారు గానీ, నా పేరే తీసేసింది నువ్వొక్కదానివే తల్లీ!" అంటూ మళ్ళీ సంతకం గీకి ఇచ్చాడు.

శ్రీరామమూర్తి నవ్వలేదు. ఆయన భార్య సుమిత్రమ్మ తలుపు తీసి, "సంతకాల మాటెత్తకమ్మా. బ్యాంకులో వేలిముద్ర వేసొచ్చిన రోజు ఆయన అన్నం కూడా తినలేదు," అని చెబుతుండగానే లోపలి నుంచి కేక వినిపించింది.

"ఎవరైనా సరే, వెళ్ళిపొమ్మను!"

ఆ కేకకు శ్రీకర్ గేటు దాకా వెనక్కి వెళ్ళాడు. రాణి మాత్రం లోపలికి వెళ్ళి ఆయన కుర్చీ ముందు కింద కూర్చుంది.

"నేను సంతకం అడుగ రాలె పెద్దసారు. నేను తుడిచింది ఎవల పేరో తెల్సుకుంటందుకు ఒచ్చిన. గీ విమానంల మీరొక్కరే ఉన్నరా?"

ఆయన ఆమె చేతిలోని ప్రింట్ వంక చూశాడు. "ఒక్కణ్ణే."

"మరి తోవ ఎవలు చెప్తరు?"

"మ్యాపు ఉంటుంది. మోకాలికి కట్టుకుంటాం."

"మోకాలికా? ఎట్ల? గీసి సూపెట్టుండ్రి."

సంచీలోంచి అట్టముక్కా పెన్సిలూ తీసి ఆయన ఎడమచేతికి అందించింది. గీత వంకరగా పోయింది. ఆయన విసురుగా పెన్సిల్ గిరాటేశాడు. రాణి వెళ్ళి తెచ్చి, విరిగిన మొన చెక్కి మళ్ళీ చేతిలో పెట్టింది.

"మోకాలు అర్థమైంది. మ్యాపే అర్థంకాలె. మళ్ళ గియ్యుండ్రి."

శ్రీకర్ గేటు దగ్గర్నుంచి వాకిట్లోకొచ్చి తొంగిచూశాడు. సుమిత్రమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఇంకో గీత గీశాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అంతే. రన్‌వే ఎట్లుంటది? మబ్బుల వెనక శత్రువు ఉంటే ఎట్ల తెలుస్తది? ఆమె అడిగేది, ఆయన తిడుతూనే గీసేవాడు. ఓ వారం ఆయన విసిగిపోయి తలుపు తీయొద్దన్నాడు. రాణి మెట్ల మీదే కూర్చుంది. ఆఖరికి తలుపు ఆయనే తీయించాడు.

పెద్దాయనను ఈ పిల్ల ఏం వేధిస్తుందోనని తోడు వస్తున్నానని శ్రీకర్ చెప్పేవాడు. కోపంగా ఉన్న మనిషి ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎందుకొస్తాడో మీరే చెప్పండి.

ఓసారి తిరుగుదారిలో వాన పట్టుకుంది. ఇద్దరూ మెట్రో వంతెన కింద ఆగారు. రాణి జడ కొసను పిండుకుంటూ అడిగింది.

"నా మీద ఇంక కోపం ఉన్నదా సార్?"

"ఉంది."

"ఎంత?"

"ఆదివారాలు రావడానికి సరిపోయేంత."

రాణి ఓరగా చూసింది. "అయితే జర దాసిపెట్టుకో. పెద్దసారు ఎడమచేత్తోని జల్దీ జల్దీ నేర్చుకుంటున్నడు."

సార్ అనే మాట ఎగిరిపోయినందుకు శ్రీకర్‌కు వాన ఆగకపోతే బాగుండుననిపించింది.

ఇంకో ఆదివారం వాళ్ళు వెళ్ళేసరికి శ్రీరామమూర్తి గడ్డం గీయించుకుని, చొక్కా మార్చుకుని కూర్చున్నాడు. "ఏదయ్యా ఆ ప్రింటు?" అన్నాడు తనే.

కాగితం జరగకుండా శ్రీకర్ రెండు చేతులా పట్టుకున్నాడు. ఆయన ఎడమచెయ్యి కదిలింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతూ, వాలుతూ, ఆగుతూ నడిచాయి. మధ్యలో చెయ్యి వణికితే సుమిత్రమ్మ పట్టుకోబోయింది. "వద్దు," అన్నాడాయన. చివరి అక్షరం అయ్యాక పెన్సిల్ వదిలి, నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"దీన్ని బ్యాంకువాడు ఒప్పుకోడు."

"బ్యాంకోనితోని మనకేం పని పెద్దసారు! నేను ఒప్పుకున్న," అంది రాణి. అంతవరకూ బిగబట్టిన ఏడుపు అప్పుడు బయటపడింది.

బయటికొచ్చాక ఆమెకు కొత్త బెంగ పట్టుకుంది.

"పాత సంతకం లెక్క లేదు గదా. నీ లెక్క ప్రింట్లు జమచేసేటోళ్ళు ఏమంటరు?"

"దొంగ సంతకం అంటారు."

"అంటే గింత చేసింది వేస్టేనా?"

"కాదు. ఆయన పెడుతుంటే కళ్ళారా చూసిన సాక్షి ఉంటే నమ్ముతారు."

"నువ్వు సూసినవ్ గదా."

"నేను చూడలేదు."

"కాగితం పట్టుకున్నదే నువ్వు!"

"పట్టుకున్నది చేతులు రాణీ. కళ్ళు నీ మీదే ఉన్నాయి."

రాణి ఆగిపోయింది. ఎన్నో క్లాసుల్లో గొంతెత్తిన శ్రీకర్ నెమ్మదిగా చెప్పాడు.

"సుమిత్రమ్మగారేమో కళ్ళు తుడుచుకుంటున్నారు. కాబట్టి సాక్షివి నువ్వొక్కదానివే. ప్రింట్ ఉన్న ఇంట్లోనే సాక్షి కూడా ఉండాలి. ఎప్పటికీ. నువ్వంటే నాకు చాలా ఇష్టం."

రాణి బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు ఎంతోసేపు లేదు. వెంటనే సంచీ సర్దుకుంది.

"మా నాయిన షాపులనే ఉన్నడు. నడువు."

"ఇప్పుడా? వానొచ్చేలా ఉంది. రేపు..."

"సాక్షి కావాల్నా, వద్దా?"

షాపులో శ్రీకర్‌ను చూడగానే బిక్షమయ్య గుండె గుభేలుమంది. "మళ్ళేం తుడిచింది సార్?"

"ఏం తుడవలేదండీ. మీ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానని అడగడానికొచ్చాను."

బిక్షమయ్య కూతురి వంక చూశాడు. ఆమె తల దించుకోలేదు.

"ఇది ఒక్కపారి పట్టుకుంటే ఇడువది సార్. తెలిసే అడుగుతున్నవా?"

"తెలిసే అడుగుతున్నానండీ. నన్నూ వదలకూడదనే."

బిక్షమయ్య మోకాళ్ళు పట్టుకుని లేచి, తను కూర్చున్న స్టూలు అతని ముందుకు జరిపాడు. "కూసో బిడ్డా. చాయ్ తెప్పిస్త."

"చాయ్ తర్వాత నాయిన," అని రాణి శ్రీకర్ వైపు తిరిగింది. "ముందుగాల మీ అమ్మకు ఫోన్ కలుపు."

శ్రీకర్ కలిపాడు.