కరెంటు వచ్చేలోపు

బీరూట్ శివారు బుర్జ్ హమ్మూద్‌లో, ఒక చెప్పుల కార్ఖానా కింద ఉన్న నేలమాళిగ ఎండాకాలం మధ్యాహ్నం కూడా చల్లగానే ఉంటుంది. మెట్లు దిగుతుంటేనే జిగురు వాసన, తోలు వాసన ముక్కుకు తగులుతాయి. ఆ వాసన పిల్లకు పడదేమోనని మారల్‌కు బెంగ. బడిలో టీచర్ల సమ్మె. భర్త ఉద్యోగం దోహాలో. ఇంట్లో చూసుకునే మనిషి లేదు. అందుకే ఏడేళ్ల తాలీన్‌ని వెంటబెట్టుకుని పాటల సాధనకు వచ్చింది.

మూలన దుప్పటి పరిచి, గోడకున్న ప్లగ్గులు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకుని, దుప్పటి ఇంకాస్త ఇవతలికి లాగింది.

"ఇక్కణ్ణుంచి కదలకూడదు. వైర్లు తొక్కకూడదు. సరేనా?"

"సరేనమ్మా. ఇంట్లో చెప్పావు, దారిలో చెప్పావు, మెట్ల మీద కూడా చెప్పావు."

గిటార్ తీగలు బిగిస్తున్న గసాన్ నవ్వాడు. "మీ అమ్మ అంతేలే తల్లీ. వానాకాలం వస్తుందని ఎండాకాలంలోనే తుమ్ముతుంది."

వాళ్ల బృందం పేరు సతహ్. అరబ్బీలో డాబా అని. ఒకప్పుడు ముగ్గురు స్నేహితులు అద్దె గది దొరక్క, నీళ్ల ట్యాంకుల మధ్య డాబా మీదే వాయించుకునేవాళ్లు. గసాన్ గిటార్, మారల్ డ్రమ్స్, ఇలియాస్ పాట. సర్కారు కరెంటు పోయి పేట జనరేటర్ అందుకునే దాకా ఊరంతా చీకటి. గిటార్ చచ్చిపోతుంది. మైకు చచ్చిపోతుంది. కరెంటుతో పని లేనివి మారల్ డ్రమ్స్ మాత్రమే.

మిగతా బృందాలైతే ఆ కాసేపు ఆపేసి సిగరెట్లు వెలిగించుకునేవి. ఇలియాస్ ఆపేవాడు కాదు. మారల్ లయ పట్టుకుని ఉంటే, చీకట్లో ఆ చచ్చిన మైకుకు పెదవులు ఆనించి పాడుతూనే ఉండేవాడు. జనరేటర్ అందుకోగానే, సగం మాటలో ఉన్న అతని గొంతు ఒక్కసారిగా స్పీకర్లలోంచి దూకేది. చుట్టుపక్కల డాబాల మీద జనం కేకలు వేసేవాళ్లు. ఆ ఒక్క క్షణం వల్లే వాళ్ల పేరు బీరూట్ అంతా పాకింది. చీకటి పాట అనేవాళ్లు దాన్ని.

ఒక సాయంత్రం జల్లు పడి వెలిసింది. ఇలియాస్ ఎప్పటిలాగే చెప్పులు లేకుండా తడి డాబా మీద నిలబడ్డాడు. కరెంటు పోయింది. పాడాడు. జనరేటర్ అందుకుంది. సగం మాట స్పీకర్లలోంచి బయటికి రాలేదు. మైకులోంచి కరెంటు కొట్టి అతను పడిపోయాడని తెలియక మారల్ ఇంకా వాయిస్తూనే ఉంది.

ఇలియాస్ పోయాక సతహ్ ఏళ్ల తరబడి మూగబోయింది. మళ్లీ గొంతు విప్పినప్పుడు మారల్ ఒక్క షరతు పెట్టింది. కరెంటు పోతే మైకు దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు. అది వచ్చి నిలదొక్కుకున్నాక, గసాన్ పరీక్షించి సరే అంటేనే వెళ్లాలి. ఇప్పుడు పాడే కుర్రాడు జాద్. బేస్ గిటార్ కూడా వాడిదే. వచ్చే వారం సముద్రం ఒడ్డున కచేరీ. జనం చీకటి పాటే అడుగుతున్నారు.

"ఒక్కసారి చేసి చూద్దాం అక్కా," అన్నాడు జాద్, జాతర్ అనే ఆకుపొడి చల్లిన రొట్టె చుట్ట కొరుకుతూ. "నువ్వు లయ పట్టు చాలు. నేను మైకు జోలికి రాను, తలుపు దగ్గరే నిలబడి పాడతా. నా పెళ్లాం మీద ఒట్టు."

"నీకు పెళ్లెప్పుడైందిరా?"

"అయ్యాక పనికొస్తుందిగా ఒట్టు!"

మారల్‌కు నవ్వొచ్చింది. సరేనంది. అదే పొరపాటు.

మారల్, గసాన్ పాట ముందు వరస వాయిస్తుండగా కరెంటు పోయింది. గిటార్ గొంతు నొక్కేసినట్టు ఆగింది. కాటుక లాంటి చీకటి. మారల్ చేతులు మాత్రం పాత అలవాటున ఆగలేదు.

పాట మొదలైంది. మెల్లగా, కాస్త బొంగురుగా. కుర్రాడు బాగానే పాడుతున్నాడే అనుకుంది మారల్. ఒక్కో మాట చివర ఊపిరి విడిచే తీరు ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడో కాదు... తనకు బాగా తెలుసు.

కరెంటు వచ్చింది.

జాద్ తలుపు దగ్గరే ఉన్నాడు. బుగ్గ ఉబ్బి ఉంది. నోటి నిండా రొట్టె.

"బాగా పాడావురా," అన్నాడు గసాన్, ముఖం పాలిపోయి.

జాద్ గుటక వేశాడు. "నేనా? నువ్వు పాడుతున్నావనుకున్నా అన్నా."

మారల్ మూలకు చూసింది. దుప్పటి మీద తాలీన్ చెప్పులు పక్కపక్కనే పొందికగా ఉన్నాయి. పిల్ల దుప్పటి దాటి, ఉత్త కాళ్లతో నేల మీద నిలబడి ఉంది.

"చెప్పులెందుకు విప్పావు?"

"విప్పమన్నాడమ్మా."

"ఎవరు?"

"పాడే మావయ్య. కాళ్లకు ఏమీ ఉండకూడదట. మళ్లీ చీకటి పడ్డప్పుడు నేను పాడాలట."

మారల్ పుల్లలు డ్రమ్ మీద పడేసి, పరుగున వెళ్లి పిల్ల ముందు కూలబడింది. "వెళ్లిపోదాం. ఇప్పుడే." ఒక చెప్పు తొడిగింది. రెండోదాని పట్టీ వేళ్లకు అందడం లేదు.

కరెంటు మళ్లీ పోయింది.

చేతిలో చెప్పు ఉంది. అందులో కాలు లేదు.

"తాలీన్!"

వెనక... డ్రమ్స్ మొదలయ్యాయి. మారల్ వాయించే లయే. ఆమె చేతివాటమే.

"మారల్..." గసాన్ గుసగుసలాడాడు. "వాయించేది నువ్వేనా?"

"కాదు."

"మరి..."

"మైకు వైరు పీకు గసాన్! గోడలోంచి పీకెయ్!"

గొంతు వినిపిస్తోంది. ఈసారి దగ్గరగా. మైకు ఉన్న చోటు నుంచే. మారల్ ఆ గొంతు వైపే నేల మీద పాకింది. ఇంతకుముందు పొడిగా ఉన్న నేల, ఇప్పుడు అరచేతుల కింద తడిగా తగులుతోంది. వాన వెలిసిన డాబా వాసన... ఈ నేలమాళిగలోకి ఎలా వచ్చిందా వాసన? ఎక్కడో గసాన్ దేన్నో తట్టుకుని పడ్డాడు. వీధిలో జనరేటర్ ఒకసారి దగ్గింది. మళ్లీ దగ్గింది. అందుకుంటోంది...

చల్లటి చిన్న పాదం చేతికి తగిలింది. పట్టుకుని లాగింది. పిల్ల కదల్లేదు. ఏడేళ్ల పిల్ల, ఈత చెట్టులా నేలలో పాతుకుపోయినట్టుంది.

"వదిలెయ్," అంది మారల్. పిల్లతో కాదు. "ఇలియాస్, నీకు దణ్ణం పెడతాను. ఇది నా బిడ్డ. వదిలెయ్."

లయ ఆగలేదు.

వెలుతురు వచ్చింది. తాలీన్ పెదవులకూ, పిల్ల ఎత్తుకు వంగి ఉన్న మైకుకూ మధ్య గడ్డిపోచ పట్టే ఎడం మాత్రమే. గోడ దగ్గర బోర్లా పడి ఉన్న గసాన్ చేతిలో, పీకేసిన ప్లగ్గు. డ్రమ్స్ దగ్గర ఎవరూ లేరు. ఇత్తడి సింబల్ ఒక్కటే ఇంకా మెల్లగా ఊగుతోంది.

మారల్ పిల్లను చంకనేసుకుని మెట్లెక్కింది. పుల్లలు అక్కడే వదిలేసింది. సముద్రం ఒడ్డు కచేరీ లేదు, ఇక సతహ్ లేదు అని మెట్ల మీది నుంచే చెప్పింది. గసాన్ లేచి గిటార్‌ను పెట్టెలో పెట్టేశాడు.

ఇంటికొచ్చి ప్లగ్గులన్నీ ఊడబీకింది. ఫ్రిజ్జు కూడా వదల్లేదు. పొద్దు వాలుతుండగానే తాలీన్‌కు ఉన్ని మేజోళ్లు తొడిగి పక్కలో పడుకోబెట్టుకుంది.

"ఉక్కపోస్తోందమ్మా. ఎండాకాలంలో ఎవరైనా ఇవి వేసుకుంటారా?"

"మనం వేసుకుంటాం. ఇంకేమన్నాడు ఆ మావయ్య?"

పిల్ల ఆవలించింది. "ఏమీ అనలేదు. సగం పాట మిగిలిపోయిందన్నాడంతే."

తాలీన్ నిద్రపోయింది. మారల్ ఆ రెండు పాదాలనూ అరచేతుల్లో బిగించి పట్టుకుని కూర్చుంది. ఇది రబ్బరు పరుపు. మంచం చెక్కది. ఈ ఇంట్లో మైకు లేదు. తనకు తానే చెప్పుకుంటూ ఉంది.

కరెంటు పోయింది.

పక్కింటి టీవీ ఆగింది. వీధి ఆగింది. రోజూ జరిగేదే. జనరేటర్ అందుకునే దాకా ఊరంతా ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుంది.

మంచం తలవైపు చెక్క మీద చప్పుడైంది. టక్... టక్... టక్... టక్... పాట మొదలుపెట్టే ముందు డ్రమ్స్ పుల్లలతో మారల్ ఇచ్చే సైగ అది.

నిద్దట్లో తాలీన్ గుండెల నిండా ఊపిరి తీసుకుంది. పాడబోయే మనిషిలా.

వీధి చివర జనరేటర్ దగ్గింది. మారల్ పాదాలను ఇంకా గట్టిగా పట్టుకుంది. రెండూ చేతుల్లోనే ఉన్నాయి. ఎక్కడికీ పోలేదు.

కానీ మేజోళ్లు తడిసిపోయి ఉన్నాయి. మారల్ వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.