ఐస్ ఫ్యాక్టరీలో మోగిన బ్యాటరీ

మూతపడిన ఆ ఐస్ ఫ్యాక్టరీలో రాత్రిపూట ఏ దీపమూ నిలవదని అంటారు. టార్చి పట్టుకెళితే టార్చి ఆరిపోతుందట. ఫోను పట్టుకెళితే ఫోను చచ్చిపోతుందట. ఒకాయన అగ్గిపెట్టె మొత్తం గీశానని, ఒక్క పుల్లా వెలగలేదని నాకు ఒట్టేసి మరీ చెప్పాడు. పెట్టె తడిసిందేమో అన్నాను. "మీతో చెప్పి ఏం లాభం టీచరుగారూ" అని లేచి వెళ్ళిపోయాడు.

ముప్ఫయ్యొక్క ఏళ్ళు సైన్సు చెప్పినదాన్ని. అందుకే ముందుగా ఒక మాట. ఈ కథలో సగం నేను విన్నది, మా తమ్ముడు చెప్పగా. మిగతా సగం నా కళ్ళతో చూసింది, మా వంటింటి బల్ల మీద. రెండిటినీ కలపకుండా చెబుతాను. మీరూ కలపకుండా పెట్టుకోండి.

ఆ షెడ్డు మధ్యలో పొడవాటి తొట్టి ఒకటి ఉంది. నేలకి సమంగా ఉంటుంది, చుట్టూ గట్టు లేదు. ఒకప్పుడు దాన్నిండా చల్లబరిచిన ఉప్పునీళ్ళు ఉండేవి. ఉప్పునీళ్ళు అంత తొందరగా గడ్డకట్టవు. వాటిలో ముంచిన డబ్బాల్లోని మంచినీళ్ళు మాత్రం గడ్డకడతాయి. ఐసు దిమ్మలు అలాగే తయారవుతాయి. తొట్టి మీద చెక్క మూతలు ఉండేవి. ఫ్యాక్టరీ మూతపడ్డాక వాటిని ఎవరో పట్టుకుపోయారు. తొట్టి మిగిలింది... రెండు నిలువుల లోతు, అడుగున తుప్పుపట్టిన ఇనుప చట్రాలు.

ఒక వాచ్‌మన్ అందులో పడి చనిపోయాడు. తెల్లారి చూస్తే టార్చి చేతిలోనే ఉందట — స్విచ్చి వేసే ఉందట — వెలుగు లేదట.

ఆ చోటికి ఉన్న పేరు అదీ.

ఇక మా తమ్ముడు. రేడియోలు, ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తాడు. అందరూ వాణ్ణి స్క్రూడ్రైవర్ అనే పిలుస్తారు. చేతికి ఏది దొరికినా విప్పి చూడందే వాడికి అన్నం సహించదు. పెళ్ళైన కొత్తలో అత్తవారి గోడ గడియారం విప్పేశాడు. మళ్ళీ బిగించాడు, నడిచింది కూడా. అయినా ఆ తరవాత అల్లుడు వస్తున్నాడంటే మామగారు గడియారాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకునేవారు.

వాడికి ఒక సరదా ఉండేది — మెటల్ డిటెక్టరు. పొడవాటి కర్ర, కింది చివర పళ్ళెం లాంటి తీగచుట్ట, చేతి దగ్గర ఒక పెట్టె, చెవులకి హెడ్‌ఫోన్లు. నేలలో లోహం ఉంటే కూస్తుంది. ఆదివారమంతా తిరిగి మేకులు, సీసా మూతలు ఏరుకొచ్చేవాడు.

"ఇంకో రెండేళ్ళు తవ్వండి, పాత ఇనుము కొట్టు పెట్టుకుందాం" అనేది మా మరదలు. అంటూనే ఆ మేకుల్ని కడిగి, తుడిచి, డబ్బాలో వేసేది.

తరవాత ఆమెకి ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. చివరి రెండేళ్ళు రాత్రిళ్ళు ఊపిరి అందించే యంత్రం పెట్టుకునే పడుకునేది. కరెంటు పోయినా యంత్రం ఆగకుండా దానికి ఇటుకంత బ్యాటరీ పెట్టె ఒకటి ఇచ్చారు. బ్యాటరీ అయిపోవడానికి ఐదు నిమిషాల ముందు మూడుసార్లు గట్టిగా మోగుతుందని దాని పుస్తకంలో రాసి ఉంది. ఆ మోత వాళ్ళు ఎన్నడూ వినలేదు. ఎప్పుడు కరెంటు పోయినా అరగంటలో వచ్చేసేది మరి.

ఒక రాత్రి నాలుగు గంటలు రాలేదు.

తమ్ముడు పక్క మంచం మీదే ఉన్నాడు. అప్పటికి మూడు రాత్రులుగా కన్నంటుకోని మనిషి. తెల్లారి లేచేసరికి యంత్రం ఆగిపోయి ఉంది. ఆమె కూడా.

వాడు ఏడవలేదు. "మోగింది అక్కా. నేను లేవలేదు" అన్నాడు. అంతే.

ఆ తరవాత ఎనిమిది నెలలు... తింటాడు, స్నానం చేస్తాడు, కొట్టు తెరుస్తాడు. "ఎలా ఉన్నావురా" అంటే "ఉన్నా" అంటాడు. చెయ్యి తిమ్మిరెక్కితే గిచ్చినా తెలియదు చూడండి, మనిషి మొత్తం అలా అయిపోయాడు.

ఒకరోజు కొట్టుకి వెళ్ళేసరికి బల్ల మీద డిటెక్టరు విప్పి ఉంది. సంతోషించాను. వ్యాపకం దొరికిందనుకున్నాను.

"ఏం చేస్తున్నావురా?"

"బ్యాటరీ మారుస్తున్నా."

ఆ డిటెక్టరుకి ఎనిమిది చిన్న సెల్లులు కావాలి. ఒక్కోటి ఒకటిన్నర వోల్టు, మొత్తం పన్నెండు. వాటి స్థానంలో వాడు ఆ ఇటుకంత పెట్టెని కలుపుతున్నాడు... మరదలి యంత్రానిదే. అందులోంచి పదిహేను వోల్టులు వస్తాయి. పన్నెండుకి తగ్గించాలి. మొదట చవకరకం సర్క్యూట్ పలక ఒకటి పెట్టాడు. అది కరెంటుని సెకనుకి వేలసార్లు ఆపి వదులుతుంది. ఆ అదురుకి డిటెక్టరు, నేలలో ఏమీ లేకపోయినా పిచ్చిగా కూసింది. దాన్ని తీసేసి ఇంకో రకం పెట్టాడు. అది ఎక్కువైన వోల్టుల్ని చప్పుడు చేయకుండా వేడిగా వదిలేస్తుంది. వేడి పోవడానికి వెనక ఒక అల్యూమినియం రేకు బిగించాడు. గోల పోయింది.

అంతా చక్కగా చేశాడు. ఒక్కటే నాకు వింతగా తోచింది. ఆ బ్యాటరీ పెట్టెని మాత్రం విప్పలేదు. బయటి తీగల్ని కలిపి ఊరుకున్నాడు. దాని మూత మీద అడ్డంగా తెల్ల టేపు ముక్క, టేపు మీద మరదలి దస్తూరి — పెట్టె ఇంటికొచ్చిన తేదీ.

"ఇది విప్పి చూడలేదేంరా?"

"అక్కర్లేదు."

"కొత్త సెల్లులు వేసుకుంటే పోయేదానికి ఎందుకీ అవస్థ?"

వాడు తీగ చివర గీకుతూనే చెప్పాడు. "ఆ రోజు కరెంటు వచ్చాక ఇది నిండింది. మళ్ళీ ఛార్జి పెట్టను. అయిపోయేదాకా రోజూ తిప్పుతా. అప్పుడు మోగుతుంది కదా. మెలకువగా ఉండి ఒక్కసారి వినాలి అక్కా... మనిషిని లేపేంత గట్టిగా ఉంటుందో లేదో."

"లేపేంత ఉంటే?"

"ఉంటే నాదే తప్పు."

ఇంటికి వచ్చేశాను.

ఇక్కణ్ణుంచి వాడు చెప్పగా విన్నది.

రాత్రిళ్ళు ఎలాగూ నిద్ర లేదు కాబట్టి రాత్రిళ్ళే తిరిగాడు. పెట్టెని గుడ్డసంచిలో వేసి నడుముకి కట్టుకునేవాడు. పదకొండు రాత్రులు తిరిగాడు. అది అయిపోలేదు.

పన్నెండో రాత్రి, రెండు దాటాక, ఐస్ ఫ్యాక్టరీ గేటు తోసుకుని లోపలికి వెళ్ళాడు. అక్కడైతే ఎవరూ పలకరించరని.

షెడ్డులో ఎక్కడ పెట్టినా డిటెక్టరు గుర్ర్... మంటూనే ఉంది. నేల నిండా ఇనుమే కదా. ఆ గోల భరించలేక హెడ్‌ఫోన్ల తీగ పీకేసి, వాటిని మెడలో వేసుకున్నాడు. ఫోను ఇంట్లోనే వదిలేశాడు. చేతిలో పాత బల్బు టార్చి ఒకటి.

టార్చి వెలుగు పచ్చబడింది...

తరవాత ఎర్రబడింది...

ఆరిపోయింది.

"భయం వేయలేదట్రా?" అని తరవాత అడిగాను.

"వేస్తే బాగుండేది" అన్నాడు.

నడుస్తూనే ఉన్నాడు. చీకట్లో కనిపించేది ఒక్కటే — డిటెక్టరు పెట్టె మీద, ఆవగింజంత పచ్చ దీపం. అది రెండుసార్లు కొట్టుకుంది. ఆరింది. బ్యాటరీ అయిపోయింది. మోగనే లేదు. ఇంకో అడుగు వేయబోయాడు, మడమ ఆనింది —

అప్పుడు మోగింది.

నడుము దగ్గర. మూడుసార్లు. షెడ్డు గోడలు తిరిగి పలికేంత గట్టిగా.

ఉన్నచోటే ఆగిపోయాడు. నాలుగోది వస్తుందేమోనని చూశాడు. రాలేదు. మెల్లగా గొంతుక్కూచుని, ముందుకి చెయ్యి చాపాడు.

నేల లేదు.

కింది నుంచి చల్లగాలి... తుప్పు వాసన...

వెనక్కి, మోకాళ్ళ మీద, గోడ తగిలేదాకా పాకాడు.

ఇక నేను చూసింది.

మూడున్నరకి తలుపు కొట్టాడు. మోకాళ్ళు చీరుకుపోయి ఉన్నాయి. సంచి విప్పి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ముఖంలో ఏమీ లేదు.

"మోగింది అక్కా. చచ్చినవాడు కూడా లేస్తాడు. అంత గట్టిగా మోగింది. నేను లేవలేదు... అంతే, తేలిపోయింది."

మంచినీళ్ళు ఇచ్చాను. జరిగింది మొదటి నుంచి చెప్పించాను. చెప్పాడు. రెండోసారి చెప్పించాను. రెండోసారి ఒకచోట ఆపాను.

"పచ్చ దీపం ఆరింది ముందా, మోగింది ముందా?"

"దీపం ముందు."

"అయిపోయిన బ్యాటరీ ఎలా మోగుతుందిరా?"

వాడు నావైపు చూశాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి, చూడటం అంటే చూడటం.

"ఆ పెట్టె విప్పు" అన్నాను.

"అక్కా..."

"విప్పరా."

మరదలు అంటించిన టేపుని గోటితో, చిరక్కుండా తీశాడు. తీసి తన చొక్కా జేబు మీద అంటించుకున్నాడు. నాలుగు మరలు. మూత లేచింది. లోపల సెల్లుల వరస, వాటి పక్కన అరచేతిలో సగమంత పచ్చటి పలక. పలక మూలన తెల్లరంగుతో గుండ్రటి గీత, గీతలో రెండు చిన్న బొక్కలు.

ఆ గీత దేనికో నాకు తెలియలేదు. వాడికి తెలిసింది. వాడి వేలు అక్కడే ఆగిపోయింది.

"మోగేది ఇక్కడ ఉండాలి" అన్నాడు మెల్లగా.

లేదు.

ఊడి పడిందేమోనని పెట్టెని బోర్లించాం. గుడ్డసంచి దులిపాం. నా భూతద్దం తెచ్చి పెట్టాను. ఊడిపోతే అతుకు మచ్చైనా మిగలాలి. ఆ రెండు బొక్కలకి అతికించే సీసం అంటిన జాడే లేదు. తయారుచేసిన చోటే పెట్టడం మర్చిపోయారు. పుస్తకంలో మాత్రం రాసేశారు.

"ఇది పుట్టిన దగ్గర్నుంచి మూగదిరా" అన్నాను. "ఆ రాత్రి మోగలేదు. నువ్వు వినకపోవడం కాదు. అక్కడ వినడానికి ఏమీ లేదు."

"ఊ" అన్నాడు.

మూత పక్కన పెట్టి, బల్ల మీద తల ఆన్చి ఏడవడం మొదలుపెట్టాడు. తిమ్మిరి పట్టినప్పుడు నొప్పి ఉండదు, వదిలేటప్పుడే ఉంటుంది. ఏడవనిచ్చాను. తెల్లారేదాకా ఏడ్చాడు.

చివరికి ముక్కు తుడుచుకుని, గుసగుసగా అడిగాడు. "మరి అక్కడ మోగింది?"

"పడుకో. లేచాక చెబుతా."

నా మంచం మీద పడుకుని మధ్యాహ్నం దాకా కదల్లేదు. నేను మాత్రం గొడుగు పట్టుకుని ఐస్ ఫ్యాక్టరీకి వెళ్ళాను. పట్టపగలే, ఒప్పుకుంటాను. షెడ్డు నేల మీద వేలెడు మందాన దుమ్ము ఉంది. వాడి అడుగులు అచ్చు గుద్దినట్టున్నాయి. గుమ్మం నుంచి వాటి వెంటే తిన్నగా తొట్టి దాకా వెళ్ళాను. చివర ఎడమ పాదం పూర్తిగా ఉంది. దాని ముందు కుడి పాదం... మడమ ఒక్కటే పడింది. వేళ్ళు పడాల్సిన చోట నేల లేదు.

వాడికి చెప్పాల్సిన జవాబు కోసం దారంతా వెతికాను. మనసు భ్రమించిందందామంటే, ఆ మడమ అచ్చు భ్రమ కాదు. మనసులో మోగింది చీకట్లో తొట్టి అంచుని ఎలా కనిపెట్టింది? విద్యార్థులెవరైనా ఇలా అడిగితే, రేపు చెబుతానని ఆ రేపటిని మరిపించేదాన్ని. వీడు మళ్ళీ అడగనే లేదు.

పది రోజుల తరవాత కొట్టుకి వెళ్ళాను. పెట్టె బిగించి ఉంది. టేపు మళ్ళీ ఎప్పటిలాగే అంటించి ఉంది. ఛార్జి ఎక్కుతోంది.

"అంతా బాగుచేసినవాడివి, ఆ మోగేది కూడా పెట్టెయ్యకూడదట్రా?" అన్నాను. "రెండు బొక్కలే కదా. నిమిషం పని."

తమ్ముడు తల ఎత్తలేదు. టేపు అంచు లేచినచోట బొటనవేలితో నొక్కాడు.

"వద్దక్కా" అన్నాడు. "ఇది మోగుతుంది."