ఓడ ఎవరి చేతిలో ఉంది

మూడోసారి కూడా కెప్టెన్ పరీక్ష తన్నేసింది. రాతపరీక్ష ఎప్పుడో గట్టెక్కాను. ఆ నోటి పరీక్షే కొరకరాని కొయ్యయి కూర్చుంది. పన్నెండేళ్లుగా సముద్రం మీద తిరుగుతున్నా, ఇప్పటికీ కెప్టెన్ కింద చీఫ్ ఆఫీసర్నే. "ఏం బావా, ఓడలో ఇంకా కండక్టరేనా? డ్రైవర్ సీటు ఎప్పుడిస్తారు?" అని మా బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా ఆటపట్టిస్తాడు. నవ్వేసి ఊరుకుంటాను గానీ ఒళ్లు మండిపోతుంది.

"ఇతను ఓడ నడపగలడు" అని మా కెప్టెన్ ఉత్తరం రాసిస్తేనే మళ్లీ పరీక్షకి రానిస్తామన్నారు. ఆ ఉత్తరం కోసం ఐదు నెలలుగా ఆయన ఏమన్నా తలూపుతూనే ఉన్నాను.

ఆ సాయంత్రం నాలుగింటికి డ్యూటీ ఎక్కాను. ఓడ నడిపే గదిలో అంతా మామూలుగానే ఉంది. చుక్కాని పట్టే పెద్దాయన చక్రం దగ్గర నిలబడి మోకాళ్ల నొప్పులని సణుగుతున్నాడు. నా కాఫీ చల్లారిపోయింది. ఆరు దాటాక పొగమంచు కమ్మింది. ముందు ఓడ కొస మాయమైంది, తర్వాత అద్దం అవతల ఏమీ మిగల్లేదు. కెప్టెన్ గదికి ఫోన్ చేశాను.

"వస్తున్నా," అన్నాడాయన.

బయటిది కనపడాలని చీకటి పడ్డాక ఆ గదిలో దీపాలు వెయ్యం. రెండు నిమిషాలకి వెనక గుమ్మం తెర కదిలింది. తడి చెప్పుల చప్పుడు... కుళ్లిన తాడు వాసన. ఆకారం ఒకటి వచ్చి కుడివైపు కిటికీ దగ్గర నిలబడింది. వాన లేదు కదా, తడి ఎక్కడిదా అనుకున్నాను, అంతే.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కెప్టెన్ వచ్చి పక్కన నిలబడినంత మాత్రాన ఓడ ఆయన చేతిలోకి పోదు. "నేను తీసుకున్నాను" అని పైకి అనాలి. అప్పటిదాకా బాధ్యత నాదే. పోయినసారి పరీక్షలో నేను తప్పు చెప్పింది సరిగ్గా ఇదే. అందుకే అడిగాను.

"సార్, ఓడ మీరు తీసుకుంటున్నారా?"

పొగమంచులో మోగించే మా ఓడ కూత పైన ఒకసారి మోగి ఆగింది. రాడార్‌లో ఎదురుగా ఒక చుక్క కనపడింది.

"నేను... తీసుకున్నాను." గుసగుస.

హమ్మయ్య అనుకుని, టైము చూసి ఆ మాటే, ఓడలో జరిగేదంతా ఎక్కించే లాగ్ పుస్తకంలో రాశాను.

"ఎడమకి... పూర్తిగా ఎడమకి..."

పెద్దాయన నా వైపు చూశాడు. పొగమంచులో ఎదురుగా ఓడ ఉంటే ఎడమకి తిప్పకూడదని పనిలో నిన్న చేరినవాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ ఉత్తరం గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

చక్రం తిరిగింది. ఓడ ఒరిగింది.

ఫోన్ మోగింది.

"నా గది తలుపు బిగుసుకుపోయింది, ఇందాకట్నుంచీ తంటాలు పడుతున్నా," కెప్టెన్ గొంతు. "ఓడని ఎడమకి తిప్పమన్నదెవరయ్యా?"

తల తిప్పి చూశాను. కిటికీ దగ్గర ఆకారం... కదల్లేదు.

"కుడికి! పూర్తిగా కుడికి!" అని అరిచాను.

పెద్దాయన శక్తంతా పెట్టి చక్రం తిప్పాడు. మంచులో ఏదో ఓడ ఇంజిన్ చప్పుడు మా పక్కనుంచే దడదడమంటూ పోయింది. వెంట్రుకవాసిలో తప్పింది.

కెప్టెన్ తలుపు బద్దలుకొట్టుకుని పరుగున పైకొచ్చాడు. లాగ్ పుస్తకంలో నా రాత చూశాడు.

"నేను రాకుండానే తీసుకున్నానని రాశావా? ఉత్తరం కాదు కదా, నా ఓడలో నీకు చోటే లేదు. తప్పుకో!"

పన్నెండేళ్ల కష్టం ఒక్క మాటతో బూడిదైంది. ఏడుపొచ్చింది. "సార్, ఆ కిటికీ దగ్గర..." అన్నాను. ఆయన వినిపించుకోలేదు. చక్రం వైపు తిరిగి గట్టిగా అన్నాడు.

"ఓడ నేను తీసుకున్నాను."

కిటికీ దగ్గరనుంచి గుసగుస.

"నేనింకా... ఇవ్వలేదు."

ముగ్గురం విన్నాం. పెద్దాయన రెండు చేతులూ చక్రం మీంచి తీసేశాడు. అది మెల్లగా, దానంతటదే, ఎడమకి తిరగడం మొదలుపెట్టింది.