జిలేబికి పాలు

హైమ నోరు జారింది ఒక సోమవారం పొద్దున్న, ఇంగ్లండులోని బ్రాక్‌నెల్‌లో, వాళ్ళ ఆఫీసు కిచెన్‌లో.

హర్షవర్ధన్ మైక్రోవేవ్ ముందు నిలబడి తను పెంచుకుంటున్న పాము గురించి ఎవరికో చెబుతున్నాడు. కార్న్ స్నేక్ అట. మూడు నెలల పిల్ల. విషం లేదు. పేరు జిలేబి. వింటున్న ఇంగ్లీషమ్మాయి "ఓ మై గాడ్" అంటూ కాఫీ కప్పు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. పాపం, వరంగల్ కుర్రాడి మొహం ఇంతయిపోయింది.

ఆ మొహం చూసి హైమకి జాలేసింది. నిజం చెప్పాలంటే జాలి ఒక్కటే కాదు. ఆర్నెల్లుగా ఆ మనిషి ఎదురైతే చాలు, ఆమె ఎందుకొచ్చిందో మర్చిపోయి ప్రింటర్ దగ్గర ఊరికే నిలబడిపోతోంది.

"మీకు గూడ భయమేనా పాములంటే?" అన్నాడు హర్ష, ఆశ వదిలేసుకున్న గొంతుతో.

"నాకా? భలేవారే! మాది కోనసీమండీ. కొబ్బరితోటల్లో పెరిగినదాన్ని. ఏటా పుట్టలో పాలు పోస్తాం. పాములంటే మాకు చుట్టాల కిందే లెక్క."

అబద్ధం. పచ్చి అబద్ధం. హైమకి ఏడేళ్ళప్పుడు ఆ కొబ్బరితోటలోనే మేనత్తని పాము కరిచింది. కాకినాడ ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. అత్త బతికింది గానీ, వాచి నల్లబడిన ఆ కాలు మాత్రం హైమ కళ్ళల్లోంచి ఇవాళ్టికీ పోలేదు. ఇప్పటికీ నేలమీద ఇల్లు ఊడ్చే హూవర్ పైపు పడుంటే దూరంగా చుట్టు తిరిగి వెళ్తుంది.

హర్ష మొహం మాత్రం వెలిగిపోయింది. ఆ వెలుగే కొంప ముంచింది.

శనివారం పొద్దున్నే ఆమె ఫ్లాట్ బెల్ మోగింది. తలుపు తీస్తే హర్ష. చేతిలో ఓ ప్లాస్టిక్ డబ్బా.

"రెండు వారాలు కార్డిఫ్‌ల పని పడ్డదండి, క్లయింట్ దగ్గర. దీన్ని ఎవరికియ్యాల్నో తెలుస్తలేదు. మీరైతే భయపడరు గద."

ఇప్పుడు కాదంటే పరువు పోతుంది. హైమ డబ్బావైపు చూడకుండా గది మూలకి వేలు చూపించింది.

"దానిదేముందండీ! ఇలా పెట్టండి. ఇక్కడ కాదు, అదిగో, ఆ చివర."

డబ్బా మూతకి క్లిప్పులు, గాలికి చిల్లులు. అడుగున టిష్యూ పేపర్లు, ఓ మూల టాయిలెట్ రోల్ గొట్టం, నీళ్ళ గిన్నె. వెచ్చదనానికి ఓ పక్క కింద హీట్ మ్యాట్. గొట్టంలోంచి బటాణీ గింజంత నారింజరంగు తల బయటికొచ్చి, నాలుక ఆడించి, మళ్ళీ లోపలికి పోయింది. హైమ ఓ అడుగు వెనక్కి వేసింది.

"ఇదేమో ఫ్రీజర్‌ల పెట్టండి," అంటూ హర్ష ఫాయిల్ పొట్లం ఒకటి అందించాడు. "శుక్రవారం ఒక్కటి తీసి, గోరువెచ్చని నీళ్ళల్ల ఉంచి, ట్వీజర్స్‌తోని ఇస్తే చాలు. తిన్నంక రెండు రోజులు డబ్బా కదపొద్దు, కక్కుకుంటది."

"ఏంటండీ ఇవి?"

"పింకీలు. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలు." హర్ష కాస్త తటపటాయించాడు. "మీరు వెజిటేరియన్ గద... పర్లేదా?"

"పాము వెజిటేరియన్ కాదు కదండీ!"

హర్ష పకపకా నవ్వాడు. అతను మెట్లు దిగేదాకా హైమ కూడా నవ్వింది. తర్వాత సబ్బుతో నాలుగుసార్లు చేతులు కడుక్కుంది. ఆ పొట్లాన్ని మూడు క్యారియర్ బ్యాగుల్లో చుట్టి ఫ్రీజర్ అడుక్కి తోసేసింది. డబ్బా మూతమీద రెండు టెలిఫోన్ డైరెక్టరీలు బరువుకి పెట్టింది. అప్పుడు మంచమెక్కి, కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది.

రోజూ సాయంత్రం ఏడింటికి కార్డిఫ్ నుంచి ఫోను.

"జిలేబి ఎట్లున్నది?"

"బాగుందండీ. మీ గురించే అడుగుతోంది."

"నిజంగ? ఏమంటున్నది?"

"ఇంత చలిలో నన్నొదిలేసి పోయాడు, వీడూ ఓ మనిషేనా అంటోంది."

"అరె! నేను రోజు యాది చేస్తున్ననని చెప్పండి."

"దేన్ని?"

అవతల ఓ క్షణం మాట ఉండేది కాదు. ఆ క్షణం కోసమే హైమ రోజంతా భయాన్ని ఓర్చుకునేది. ఫోను పెట్టేశాక మళ్ళీ ఆ గదిలో తనూ, ఆ డబ్బా. లోపల టిష్యూ కాస్త కదిలినా ఉలిక్కిపడి లేచేది. నిద్రలో అత్త కాలు కనిపించేది.

శుక్రవారం రానే వచ్చింది. హైమ ఊపిరి బిగబట్టి పొట్లం విప్పింది. లోపల గులాబీరంగులో, బియ్యపుగింజంత కాలొకటి కనిపించింది. గబుక్కున మళ్ళీ చుట్టేసింది. వాళ్ళింట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు మరి! సింకు దగ్గర నిలబడి కాసేపు ఏడ్చింది.

"తిన్నదా?" అన్నాడు హర్ష ఏడింటికి.

"శుభ్రంగా తిందండీ."

ఆ రెండో అబద్ధం మొదటిదానికన్నా బరువుగా ఉంది.

మర్నాడు పొద్దున్న అమలాపురం నుంచి అమ్మ ఫోను. "ఈవేళ నాగుల చవితే, హైమా. ఆ దేశంలో పుట్టెక్కడ దొరుకుతుందిలే గానీ, ఓ గిన్నెలో పాలన్నా పోసి దణ్ణం పెట్టుకో."

పుట్ట లేదు గానీ పామే ఉందని చెబితే అమ్మ అక్కడే స్పృహ తప్పేది. "అలాగేనమ్మా" అంది హైమ. అనగానే మనసు తేలికపడింది. ఎలుకలెందుకు? చిన్నప్పట్నుంచీ చూస్తున్నదేగా, పాములకి పాలు! కాస్త గోరువెచ్చగా కాచి, పేపరు చుట్టి గొట్టంలా చేసి, రెండడుగుల దూరం నుంచే నీళ్ళ గిన్నె నిండా పాలు పోసింది. దూరంగా నిలబడి దణ్ణం పెట్టుకుంది. "నీకు ఆకలేస్తే ఇవి తాగు తల్లీ. ఆయనకి మాత్రం చెప్పకు."

ఆ ఏడు నాగుల చవితీ, ఇంగ్లీషువాళ్ళు ఊరంతా బాణాసంచా కాల్చే బాన్‌ఫైర్ నైటూ ఒకే రోజొచ్చాయి. సాయంత్రం ఐదు దాటేసరికి చీకటి పడి, బాంబులు మొదలయ్యాయి. కిటికీ అద్దాలు అదురుతున్నాయి. హైమ డబ్బాలోకి తొంగిచూసింది. పాలమీద మీగడ కట్టింది. ఒక్క చుక్క తగ్గలేదు. జిలేబి గొట్టం బయట పడుంది. ఒళ్ళు బూడిదరంగు తిరిగింది. కళ్ళు... కళ్ళు పాలు పోసినట్టు తెల్లగా, నీలంగా మసకబారిపోయాయి.

"అయ్యో! కళ్ళు పోయాయి దీనికి!"

ముందు ఆ పాలు తీసేయాలి. మూత తీసి, చెయ్యి పైనుంచి డబ్బాలోకి పెట్టింది. బయట ఢామ్మని ఓ బాంబు పేలింది. అంతే, జిలేబి ఎగిరి వేలు పట్టుకుంది.

హైమ వేసిన కేకకి పక్క ఫ్లాటువాళ్ళు గోడ కొట్టారు. చెయ్యి విదిలించి, మూత వేసి, కుళాయి కింద వేలు పెట్టింది. సూది గుచ్చినంత గాయం, రెండు రక్తపు చుక్కలు. విషం లేదని తెలుసు. తెలిసినా సరే, నేలమీద కూలబడింది. వేలు నల్లబడుతోందేమోనని పదే పదే చూసుకుంది.

సరిగ్గా ఏడింటికి ఫోను మోగింది.

"జిలేబి ఎట్లున్నది?"

"చచ్చిపోతోందండీ." హైమకి ఏడుపు ఆగలేదు. "నేనే చంపేస్తున్నాను. దానికి నిన్న నేనేం పెట్టలేదు. ఆ పొట్లం విప్పలేకపోయాను. పాలు పోశాను. కళ్ళు పోయాయి దానికి. నన్ను కరిచింది. నాకు పాములంటే చచ్చేంత భయమండీ. మీతో అన్నీ అబద్ధాలే చెప్పాను."

అవతల మోగుతున్న టీవీ టక్కున ఆగింది.

"ముందుగాల చెయ్యి సబ్బుతోని కడుక్కున్నరా?"

"నా చెయ్యి సంగతి కాదండీ! దాని కళ్ళు..."

"కళ్ళు పోలే. కుబుసం విడిచే ముందు అట్లనే అయితయి. ఇప్పుడు దానికి సరిగ్గ కనవడదు. బాంబులకు ఇల్లంత అదురుతున్నది. అండ్ల పైకెల్లి మీ చెయ్యి వచ్చింది. గద్ద అనుకున్నది. చిన్న పిల్ల గద, భయపడ్డది. దానికి మీ మీద కోపమేం లేదు."

హైమ కళ్ళు తుడుచుకుంది. "మరి పాలు?"

"తాగదండి. తాగినా అరగదు. తీసేసి నీళ్ళు పెట్టండి."

"మా ఊళ్ళో అందరూ పోస్తారు కదండీ పుట్టలో!"

"మా ఊర్ల గూడ పోస్తరు. మా అమ్మ ఇయ్యాల పోసే ఉంటది." మామూలుగా అయితే ఇక్కడ నవ్వేవాడు. ఇవాళ నవ్వలేదు. "కుబుసం విడిచేదాక తిండి పెట్టకండి. ఓ తడి టిష్యూ లోపల పెట్టండి, సులువుగ ఊడుతది. విడిచినంక ఆకలి మీద ఉంటది. అప్పుడు ఎలుక వాసనున్న చెయ్యి కనవడ్డా కరుస్తది, అందుకే ట్వీజర్స్. చెయ్యి ఎప్పుడు పెట్టినా పైకెల్లి గాదు, పక్కకెల్లి, నెమ్మదిగ, అది చూసేటట్టు పెట్టాలె."

"నేనే పెట్టాలా?"

"హైమ గారూ, అసలైతే..." అంటూ ఏదో మొదలుపెట్టి ఆగిపోయాడు. "సరే, ఉంట."

ఆ తర్వాత కూడా ఏడింటికి ఫోను వస్తూనే ఉంది. కానీ అది పూర్వపు ఫోను కాదు. నీళ్ళు మార్చిన్రా, వెచ్చగున్నదా, ఉంట. అంతే. ఓ వేళాకోళం లేదు, ఓ నవ్వు లేదు. జిలేబి ఏమంటోందని అడగడమే మానేశాడు.

ఇప్పుడు హైమకి భయాలు రెండు. డబ్బాలోది ఒకటి. ఈ మనిషి ఇక తన మొహం చూడడేమోనన్నది రెండోది. రెండోదే ఎక్కువ బాధపెడుతోంది.

గురువారం ఆఫీసు నుంచి వచ్చేసరికి డబ్బాలో ఉల్లిపొరలాంటి కుబుసం పడుంది. పక్కనే జిలేబి, కొత్త చీర కట్టుకున్నట్టు మెరిసిపోతోంది. కళ్ళు నల్లగా, నిర్మలంగా ఉన్నాయి. నాలుక ఆడిస్తూ మూలమూలా వెతుకుతోంది. తిని రెండు వారాలు దాటింది.

రేపు సాయంత్రం హర్ష వచ్చేస్తాడు. అతనే పెట్టుకోవచ్చు. హైమ డబ్బా ముందు నిలబడి ఆ మాటే పదిసార్లు అనుకుంది. జిలేబి మళ్ళీ వెతికింది.

"దీనికి ఆకలి ఇవాళ," అంది హైమ పైకే.

ఫ్రీజర్ తెరిచింది. కళ్ళు సగం మూసుకుని పొట్లం విప్పింది. పాత జామ్ సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, ఓ బుల్లి కవరులో ఒకటి వేసి అందులో ముంచింది. ట్వీజర్స్ చూస్తే బెత్తెడు కూడా లేవు. ఆమె కళ్ళు అమ్మ పెట్టెలో పెట్టి పంపిన పట్టకారు మీద పడ్డాయి. రోజూ పాలగిన్నె దించే పట్టకారు అది. ఒక్క నిమిషం ఆలోచించింది. "క్షమించవే అమ్మా" అనుకుని తీసింది.

మూత తీసింది. పైనుంచి కాదు, పక్కనుంచి, నెమ్మదిగా పట్టకారు లోపలికి పోనిచ్చింది. జిలేబి తల తిప్పి చూసి ఒక్క దూకు దూకింది. గురి తప్పి ఇనుముని కొట్టింది. హైమ కెవ్వున అరిచి అన్నీ వదిలేసి మంచమెక్కేసింది.

డబ్బా మూత తెరిచే ఉంది. జిలేబి మాత్రం బయటికి రాలేదు. గొట్టం వెనక దాక్కుని, తల మాత్రం బయటపెట్టి చూస్తోంది. అదీ బెదిరిపోయింది.

"ఇద్దరికీ ఇద్దరం సరిపోయాం," అంటూ హైమ మంచం దిగింది.

మళ్ళీ పట్టకారు పట్టింది. చెయ్యి గజగజా వణికిపోతోంది. ఆ వణుకుకి చివర ఉన్నది ప్రాణమున్నట్టే కదిలింది. జిలేబికి కావాల్సింది అదే. ఈసారి గురి తప్పలేదు. పట్టుకుని, చుట్ట చుట్టుకుని, నిదానంగా మింగసాగింది. హైమ మొహం తిప్పుకోలేదు. ఆఖరికి ఆ సన్నటి ఒంట్లో చిన్న ఉబ్బు కనిపించినప్పుడు, పసిబిడ్డ పాలు తాగి పడుకున్నంత సంతోషమేసింది.

శుక్రవారం సాయంత్రం వాన. హర్ష తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డాడు. డబ్బాలోకి చూశాడు. పాము కడుపు చూశాడు. సింకు పక్కన విడిగా పెట్టిన పట్టకారు చూశాడు.

"మీరే పెట్టిన్రా?"

"నిన్న సాయంత్రం. కేకలు బాగా వేశాననుకోండి."

హర్ష తల దించుకున్నాడు. "నేను గూడ ఒక అబద్ధం చెప్పిన. మా లాండ్‌లేడీకి రెండు పాములున్నయి. జిలేబిని నాకు ఇచ్చిందే ఆమె. తనే చూసుకుంటనన్నది."

"మరి నాకెందుకు తెచ్చిచ్చారు?"

"రోజు ఏడింటికి ఫోన్ చెయ్యాలంటే ఏదో ఒక వంక గావాలె గద."

హైమ ఒక్కసారిగా విరుచుకుపడింది. "పధ్నాలుగు రోజులండీ! నిద్రలేదు నాకు! కరిపించుకున్నాను! మా అమ్మ పట్టకారు పోయింది!"

"తెల్సు. ఆ శనివారం మీరు ఏడుస్తుంటే నా మీద నాకే అసహ్యమైంది. ఇంక ఏం ముఖం పెట్టుకుని నవ్వాలె? అందుకే మాట్లాడలే." అతను డబ్బా అందుకోబోయాడు. "తీస్కపోత. ఇంక మిమ్మల్ని సతాయించ."

మూతమీద ఆనిన అతని వేళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకు హైమకి కొత్త కాదు. పాముని పెంచుకునే మనిషి, తనని చూసి భయపడుతున్నాడు!

"ఎక్కడికి తీసుకెళ్తారు? తిన్నాక రెండు రోజులు కదపకూడదన్నది ఎవరు?"

హర్ష తలెత్తాడు. "అయితే... రేపు మళ్ళ రావాల్నా?"

"ఇవాళ కూడా ఇప్పుడే వెళ్ళక్కర్లేదు. పప్పుచారు ఉంది. తిని వెళ్ళు. రేపొచ్చేటప్పుడు నాకు కొత్త పట్టకారు తీసుకురా."

మీరు కాస్తా నువ్వయిందని ఇద్దరికీ తెలిసింది. ఇద్దరూ పైకి అనలేదు.

హైమ తన చెయ్యి మూతమీద, అతని చేతికి కాస్త దూరంగా పెట్టింది. పక్కనుంచి, నెమ్మదిగా, అతను చూస్తుండగా దగ్గరికి జరిపింది. అతని వేళ్ళు వణకడం మానేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంచింది.