ఉయ్యాల కడ్డీ

కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే లక్ష్మీతులసికి ఒళ్ళు మండిపోయింది. కారణం గట్టు అవతల నుంచి తోడికోడలు ఉషారాణి విసిరిన మాట.

"ట్రాక్టర్ మీ వాటాకొచ్చిందిగా తులసీ! పసుపూ కుంకుమా పెట్టి పూజ చేసుకో. గొర్రు మాత్రం మా దగ్గరే ఉంది!"

ముక్తేశ్వరంలో ఆ అన్నదమ్ముల పంపకాలు అంత వింతగా జరిగాయి మరి. కొబ్బరిచెట్ల మధ్య దూరే చిన్న ట్రాక్టర్ తమ్ముడు ప్రకాష్‌కి. దాని వెనక తగిలించే హుక్కూ, నేల దున్నే గొర్రూ అన్న నరసింహమూర్తికి. హాల్లో ఉయ్యాల కూడా అంతే. బల్ల అన్నకి, దాన్ని వేలాడదీసే ఇనప కడ్డీలు తమ్ముడికి. సమానంగా పంచేశామని పెద్దమనుషులు కాఫీలు తాగి వెళ్ళిపోయారు. తల్లి సుబ్బాయమ్మని కూడా పంచారు. ఒక నెల ఇక్కడ, ఒక నెల అక్కడ.

ఇప్పుడు కంద నాటే అదును. రెండు తోటలూ దున్నక గట్టిపడిపోయాయి. రెండిళ్ళ వసారాల్లోనూ విత్తనపు కంద మొలకలెత్తుతోంది. తమ్ముడు వచ్చి గొర్రు అడగాలని అన్న, అన్న వచ్చి ట్రాక్టర్ అడగాలని తమ్ముడి పెళ్ళాం తులసి!

"ఒక్క మాట అడిగితే పోలేదా? అన్నయ్యేగా," అన్నాడు ప్రకాష్ నసుగుతూ.

"మీరు అడగండి, నేను పుట్టింటికి పోతాను. మామయ్యగారి దినాల్లో అందరి ముందూ బావగారేమన్నారో మర్చిపోయేరా? 'ఇనప కొట్టు పిల్ల, సంసారం సంగతి దీనికేం తెలుసు' అనలేదూ? ఆ ఇనప కొట్టు పిల్లంటే ఏంటో చూపిస్తాను ఉండండి!"

తులసి తండ్రిది అంబాజీపేటలో వెల్డింగ్ షాపు. ఆమె పెరిగిందే ఆ నిప్పురవ్వల మధ్య. ఆ పూటే ఆటోలో వెల్డింగ్ మెషీన్ దిగింది. పశువుల పాకలో మామగారి నాటి ఎడ్ల గొర్రు ఒకటి పడి ఉంది. దాన్ని ట్రాక్టర్‌కి తగిలించాలంటే మధ్యలో ఒక హుక్కు కావాలి. పాత ఇనప మంచాన్ని కోసి పట్టీలు తీసింది, వాటిని అతికి ట్రాక్టర్ వెనక బిగించింది. కన్నాలు మాత్రం బావగారి గొర్రుకి సరిపోకుండా కావాలనే ఎడంగా వేసింది.

"రేపొచ్చి కాళ్ళు పట్టుకున్నా వాళ్ళ గొర్రు దీనికి తగలదు," అంది కసిగా.

చిక్కల్లా ఆ కన్నాల్లో దూర్చి గొర్రుని పట్టి ఉంచే పిన్ను దగ్గర వచ్చింది. షాపు నుంచి తెచ్చిన కడ్డీ మొదటి లాగుకే వంగిపోయింది. గట్టి ఇనుము కావాలి. ఆమె చూపు మూల నిలబెట్టిన ఉయ్యాల కడ్డీల మీద పడింది.

"అయ్యో, అవి నాన్నవే!" అన్నాడు ప్రకాష్.

"మన వాటావి. బల్ల లేని కడ్డీలు దేనికండీ, దండెం కట్టుకోడానికా?"

గ్రైండర్ గీమంది. ఒక కడ్డీ చివర జానెడు తెగి పిన్ను అయింది.

తులసే ట్రాక్టర్ ఎక్కింది. ముందు గట్టు పక్క సాలే దున్నింది, హారన్ కొడుతూ మరీ. నరసింహమూర్తి భుజాన తువ్వాలుతో గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు.

"ఏమండీ బావగారూ! మీ గొర్రుకి పసుపూ కుంకుమా పెట్టేరా?"

ఆయన మొహం మాడిపోయింది. తువ్వాలు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయాడు. తులసి కడుపు చల్లబడింది. ఎన్నాళ్ళ కసో తీరింది.

ఆ సంబరంతోనే ఇంట్లో అడుగుపెట్టింది. హాల్లో సుబ్బాయమ్మ కింద కూర్చుని ఉంది. పక్కన కొబ్బరినూనె గిన్నె, చేతిలో గుడ్డ పీలిక, ఒళ్ళో తెగిన కడ్డీ.

"ఇదేంటమ్మా, పొట్టిదైపోయింది?"

"ట్రాక్టర్ పిన్నుకి కోసేనండి, అత్తయ్యగారూ."

"అలాగా." ముసలావిడ కాసేపు ఆ తెగిన చోటే వేలితో తడిమింది. "తుప్పు పడుతుందని నూనె రాస్తున్నానమ్మా. అక్కడికెళ్తే బల్ల తుడుస్తాను, ఇక్కడికొస్తే వీటికి నూనె రాస్తాను. ఎప్పటికైనా నా పిల్లలు మళ్ళీ తగిలిస్తారని పిచ్చి ఆశ. పోన్లే. తోట దున్నుకున్నారు, అదే చాలు."

తిట్టినా బాగుండేది. నాలుగు శాపనార్థాలు పెట్టినా తులసి తిరిగి నాలుగు అనేది. బావగారిని కొడదామనుకుంటే దెబ్బ వెళ్ళి ఈవిడకి తగిలింది. అత్తగారి ఒళ్ళో తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని ట్రాక్టర్ తీసుకెళ్ళి సరిగ్గా బావగారి గుమ్మం ముందే ఆపింది.

"ఇంకా ఏం వెక్కిరించాలని వచ్చేవు?" అన్నాడు నరసింహమూర్తి.

తులసి పిన్ను లాగి ఆయన చేతిలో పెట్టింది. దాని మీది మెలికల నగిషీ చూసి ఆయన దాన్ని వెలుగుకి తిప్పాడు.

"ఇది... నాన్న ఉయ్యాలది కదూ?"

"ఆయ్. నేనే కోసేనండి, మీ మీద కసితో. మీ కంద కూడా ఎండిపోతోంది. కన్నాలు మార్చి మీ గొర్రు తగిలిస్తాను. అత్తయ్యగారి కోసం, మీ కోసం కాదు."

ఆయన పిన్నుకంటిన మట్టిని తువ్వాలుతో తుడిచాడు. కళ్ళు నిండిపోయాయి.

"నేను పంతానికి పోకపోతే నువ్వు కోసేదానివా అమ్మా? ఆరోజు నిన్నన్న మాట కూడా తప్పే. మళ్ళీ అతుకుతుందా ఇది?"

"అతుకుతుందండి. మచ్చ మిగులుతుంది."

"మిగలనీ." లోపలికెళ్ళి తన గొర్రు పిన్ను తెచ్చి ఆమెకిచ్చాడు. "దీంతో దున్నండి. నాన్నది మట్టిలో పెట్టొద్దు."

రెండు తోటలూ దున్నారు, కంద నాటారు. తులసి ఆ పిన్నుని మళ్ళీ కడ్డీకి అతికింది, అన్నదమ్ములిద్దరూ బల్ల మోసుకొచ్చి కడ్డీలకి తగిలించారు. సుబ్బాయమ్మ ఎక్కి కూర్చుని ఒక ఊపు ఊగింది.

"ఒక పక్కకి ఒరిగిందేంటే?"

"అతుకు దగ్గర కాస్త పొట్టయిందండి. అలవాటైపోద్దిలెండి," అంది తులసి నవ్వుతూ, ఏడుస్తూ.

తర్వాత ఉషారాణి కూర్చుంది. తులసి ఆమెని కొంచెం గట్టిగానే ఊపింది. ఎంత కలిసిపోయినా, అంత కోపం ఒక్క రోజులో పోదు కదండీ!